ప్రొటెక్షన్ ట్రైనింగ్, వర్కింగ్ డాగ్ స్పోర్ట్స్: కంచె దగ్గర ఆగి జనం అడిగే ప్రశ్నలు

మాది ఇచ్ఛాపురానికి ఇవతల, కవిటి వైపు కొబ్బరితోటల్లో ఒక ఊరు. తోటలో ఒక మూల ఖాళీ జాగా ఉంది. 2018లో తిత్లీ తుపానుకి చెట్లు కూలిపోయిన చోటు, మళ్లీ నాటలేదు. రోజూ పొద్దున్నే అక్కడే నా కుక్కలకి సాధన. రోడ్డు మీద పోయేవాళ్లు బండి ఆపి చూస్తారు. ఒకడు చేతికి దిండులాంటిది తొడుక్కుని పరిగెత్తడం, కుక్క వెళ్లి ఆ చేతికి వేలాడటం చూశాక ఎవరికైనా నాలుగు ప్రశ్నలు పుడతాయి కదా. సగం తెలుగులో, సగం ఒడియాలో అడుగుతారు. ప్రతివాడికీ మొదట్నుంచీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

ఏటి బాబూ, మీ కుక్క కరుస్తాదా?

కరుస్తుంది. కరవమంటే కరుస్తుంది, వదలమంటే వదులుతుంది. మొదటిది నేర్పడానికి నేను పెద్దగా కష్టపడలేదు, రెండోదానికి ఏడాది పైనే పట్టింది. కింద రాసిందంతా దాదాపు ఆ రెండోదాని గురించే. ఊరికే కరిచే కుక్క కావాలంటే ట్రైనింగ్ దేనికి, ఏ కుక్కనైనా నెలరోజులు గొలుసుతో కట్టేసి పిల్లల చేత రాళ్లు వేయిస్తే చాలు, అదే కరుస్తుంది. ముందు మిమ్మల్నే కరుస్తుంది.

కాపలా కుక్క, గార్డ్ డాగ్, ప్రొటెక్షన్ డాగ్, అన్నీ ఒకటే కదా?

కాదు, ఈ పేర్లు కలిపేసుకోవడం వల్లే సగం గొడవ. కొత్త మనిషి వస్తే అరిచి మిమ్మల్ని లేపేది కాపలా కుక్క. మన వీధిలో తోక వంకర తిరిగిన నాటు కుక్క ఈ పని బ్రహ్మాండంగా చేస్తుంది, దానికి ట్రైనింగ్ అక్కర్లేదు, రెండు పూటలా అన్నం పెడితే చాలు. రాత్రిపూట గోడౌన్ కాంపౌండులో ఒంటరిగా వదిలేస్తే ఎవరొచ్చినా తనే తేల్చుకునేది గార్డ్ డాగ్. మనిషి పక్కన లేకుండా కుక్క తీర్పు చెప్పడం నాకైతే నచ్చదు. ప్రొటెక్షన్ డాగ్ యజమాని పక్కనే ఉండి, ఆయన మాట మీద ముందుకెళ్లి, ఆయన మాట మీదే వెనక్కొస్తుంది. స్పోర్ట్ డాగ్ గ్రౌండులో రూల్స్ ప్రకారం ఆడి మార్కులు తెచ్చుకుంటుంది. పోలీసు కుక్క ఉద్యోగి, దాని లెక్క వేరు.

పలాస నుంచి జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయన వచ్చి గోడౌనుకి 'బాగా కరిచే కుక్క' కావాలన్నారు. మీకు కావలసింది కరిచే కుక్క కాదండీ, అరిచే కుక్క, ఒక కెమెరా, ఇంకో మంచి తాళం అన్నాను. ఆయనకి నచ్చలేదు. గోడౌనులో పొద్దున్నే పనికొచ్చే ఆడవాళ్లు ఎంతమంది అని అడిగితే మాత్రం కాసేపు ఆలోచించారు.

ఈ స్పోర్ట్ ఎక్కడ పుట్టింది? ఇందులో ఏం చేయిస్తారు?

జర్మనీలో పుట్టింది. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే ఆయన జర్మన్ షెపర్డ్ జాతికి క్లబ్బు పెట్టారు. మనవాళ్లు అల్సేషన్ అనే కుక్క అదే. కుక్క అందంగా ఉంటే చాలదు, పని చేయగలిగేదాని పిల్లలే తర్వాతి తరానికి రావాలి అన్నది ఆయన పట్టుదల. అలా పనితనాన్ని చూడటానికి వచ్చిన పరీక్షే ష్యుట్స్‌హుండ్. తర్వాత దాని పేరు ఐపీఓ అయింది, 2019 నుంచి ఐజీపీ అంటున్నారు. పేరెన్ని మారినా లోపల ఉన్నవి మూడు భాగాలే: వాసన పట్టడం, విధేయత, ప్రొటెక్షన్. ఒక్కోదానికి 100 మార్కులు, ఒక్కోదాంట్లో 70 రావాలి. మూడింట్లో రెండిటికి కరవడంతో సంబంధమే లేదు. కంచె దగ్గర నిలబడేవాళ్లకి మాత్రం మూడోదే కనిపిస్తుంది, ఎందుకంటే మొదటి రెండూ చేసేటప్పుడు చూడ్డానికి ఏమీ ఉండదు, ఎవరూ ఆగరు.

వాసన పట్టడం నాకు అన్నిటికన్నా ఇష్టం. పై స్థాయిలో, అంటే మూడో లెవెల్లో, ముక్కూమొహం తెలియని మనిషి పొలంలో 600 అడుగులు వేసుకుంటూ మలుపులు తిరిగి నడుస్తాడు, దారిలో మూడు చిన్న వస్తువులు పడేస్తాడు. గంట తర్వాత కుక్కని తెస్తారు. పది మీటర్ల తాడు చివర యజమాని, ముందు కుక్క, దాని ముక్కు నేలకి అంటుకుని. అడుగు తర్వాత అడుగు, తొందర లేకుండా వెళ్లాలి. వస్తువు దొరికితే మామూలుగా దాని ముందు పడుకుని చూపిస్తుంది. మా దగ్గర ఇసక నేల కాబట్టి ఎండెక్కిందంటే వాసన ఎగిరిపోతుంది, తెల్లవారుజామున మంచు పడ్డ గడ్డి మీద మాత్రం కుక్క పుస్తకం చదివినట్టు చదువుకుంటూ పోతుంది.

విధేయతలో యజమాని కాలి పక్కన నడవడం, జనం మధ్యలోంచి వెళ్లడం, చెక్క డంబెల్ తెచ్చివ్వడం, మీటరు ఎత్తు అడ్డం దూకడం ఉంటాయి. పక్కన తుపాకీ శబ్దం చేస్తారు, కుక్క బెదరకూడదు. ఇంకో కుక్క పని చేస్తున్నంతసేపూ ఇది దూరంగా పడుకునే ఉండాలి. దీపావళికి మంచం కింద దూరే కుక్కలు ఇక్కడే తేలిపోతాయి.

మరి ఆ మూడోది? ఎదుటివాడి మీదకి ఉసిగొల్పడమేగా?

అందరూ అలాగే అనుకుంటారు. పై స్థాయిలో గ్రౌండులో అటు మూడు, ఇటు మూడు గుడారాల్లాంటి మరుగులు ఉంటాయి. చివరిదాంట్లో హెల్పర్, అంటే దొంగ వేషం వేసినవాడు, కదలకుండా నిలబడతాడు. కుక్క అన్నీ చుట్టి వచ్చి అతన్ని కనిపెట్టాలి. కనిపెట్టాక ఏం చెయ్యాలి? అరవాలి. అంతే. అతని ముందు నిలబడి ఆపకుండా అరవాలి, ముట్టుకోకూడదు, ముట్టుకుంటే మార్కులు పోతాయి. కదలని మనిషిని కరవకూడదన్నది ఈ ఆటలో మొదటి పాఠం. అతను పారిపోతేనో, మీదికొస్తేనో పట్టుకోవాలి. అతను ఆగగానే, యజమాని మాట వినగానే వదిలేసి చూస్తూ ఉండిపోవాలి. ఒకసారి చెబితే వదలకపోతే ఇంకో రెండు అవకాశాలిస్తారు, అప్పటికీ వదలకపోతే ఇంటికే. ఎంత బలంగా పట్టినా, ఎంత వేగంగా పరిగెత్తినా, అప్పటిదాకా ఎన్ని మార్కులొచ్చినా ఇంటికే.

ఆ చేతి తొడుగులో ఏముంటుంది? నొప్పి పుట్టదా?

దాన్ని స్లీవ్ అంటాం. భుజం దగ్గర్నుంచి చెయ్యి మొత్తం కప్పే గట్టి గొట్టం, ముంజేయి దగ్గర కుక్క నోటికి సరిపోయేలా పలకలా ఉంటుంది. దాని మీద గోనె కవరు. ఈ గోనె కవరే నెలకోసారి చిరిగిపోతుంది. బయట కొనేబదులు మా ఊళ్లో గోనెసంచులు కుట్టే ఆయన చేత రెండు పొరలు వేయించి కుట్టిస్తాను, కుక్కకి తేడా తెలియదు. పన్ను దిగదు కానీ నొక్కు తెలుస్తుంది, ముఖ్యంగా కుక్క నోటినిండా పట్టి తల విదిలించినప్పుడు భుజం కీలు పలుకుతుంది.

అసలు కష్టం పట్టు దగ్గర కాదు, ఆ ముందు క్షణం దగ్గర. 30 కిలోల కుక్క పూర్తి వేగంతో గాల్లోకి లేచి వస్తుంటే మీరు గోడలా నిలబడ్డారంటే దాని మెడ విరగొచ్చు. వచ్చిన ఊపుకి మీరు కూడా పక్కకి తిరిగి, దాన్ని గాల్లో అర్ధచంద్రంలా తిప్పి నేల మీదకి దించాలి. చూసేవాళ్లకి కుక్క మనిషిని లాక్కెళ్లినట్టు ఉంటుంది, నిజానికి మనిషే కుక్కని కాపాడుతున్నాడు. మంచి హెల్పర్ దొరకడం మంచి కుక్క దొరకడం కన్నా కష్టం అన్నది ఇందుకే. ఆఖర్న స్లీవ్ చేతిలోంచి జార్చి కుక్కకే ఇచ్చేస్తాం. నా కుక్క దాన్ని నోట కరుచుకుని, తల ఎత్తి, ఖాళీ జాగా చుట్టూ ఊరేగింపులా ఒక రౌండ్ వేస్తుంది. దానికి ఇది ఆట. అవతలివాడు శత్రువు కాదు, బొమ్మ పట్టుకున్న మనిషి. సాధన అయిపోయాక అదే హెల్పర్ కాళ్ల దగ్గర పడుకుంటుంది.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఇలా నేర్పితే వాళ్లని కరిస్తేనో?

న్యాయమైన భయమే. గుండె నిబ్బరం ఉన్న కుక్కకి, ఆటలా నేర్పితే, ఆ ప్రమాదం పెరగదు. గ్రౌండు వేరు, వసారా వేరు అని దానికి బాగా తెలుసు. పిరికి కుక్కకి నేర్పితే మాత్రం కచ్చితంగా పెరుగుతుంది. చాలామంది నా దగ్గరికి తెచ్చేది పిరికి కుక్కల్నే, 'మా వాడు అందరి మీదకీ వెళ్తాడండీ, భలే ధైర్యం' అంటూ. తోక కాళ్ల మధ్య పెట్టుకుని, చెవులు వెనక్కి వాల్చి, గొలుసు చివరి నుంచి అరిచేది ధైర్యం కాదు, అది టెన్షన్. దానికి కరవడం నేర్పితే భయం వేసినప్పుడల్లా ఏం చెయ్యాలో నేర్పినట్టే. అలాంటివాటిని వెనక్కి పంపేస్తాను, దానికి కొందరు కోపగించుకుని వెళ్లారు కూడా.

ఒక మాట, ఎంత మంచి కుక్కయినా సరే పసిపిల్లల దగ్గర ఒంటరిగా వదలకండి. ట్రైనింగ్ ఉన్నా లేకపోయినా ఇదే మాట.

వేరే పోటీలు కూడా ఉన్నాయా?

చాలా ఉన్నాయి. ఫ్రెంచ్ రింగ్‌లో హెల్పర్ ఒళ్లంతా కప్పే సూటు వేసుకుంటాడు, కుక్క కాలైనా పట్టొచ్చు. దాంట్లో ఒక వస్తువుని కుక్క ముందు పెట్టి యజమాని కనుమరుగైపోతాడు, దాన్ని కుక్క కాపాడాలి. ఎవరో విసిరిన మాంసం ముక్క తినకుండా ఉండటం ఇంకో పరీక్ష. మోండియోరింగ్ రకరకాల రింగ్‌ల కలగలుపు. డచ్చివాళ్ల కేఎన్‌పీవీ 1907 నాటిది, పోలీసు పనికి కుక్కల్ని తయారుచేసే పరీక్ష. ఉక్కపోతలో ఒళ్లంతా సూటు వేసుకునే హెల్పర్ మా తీరంలో దొరకడు, కాబట్టి నేను స్లీవ్‌తోనే సరిపెట్టుకుంటున్నాను.

ఏ జాతి కొనమంటారు? మాలినోయిస్ అయితే బాగుంటుందంటున్నారు.

2011లో బిన్ లాడెన్ ఇంటి మీద దాడికి వెళ్లినవాళ్లతో కైరో అనే మాలినోయిస్ ఉందని వార్తలొచ్చినప్పట్నుంచీ అందరికీ అదే కావాలి. అది చాలా గొప్ప కుక్క, మీ ఇంటికి మాత్రం వద్దు. రోజూ రెండు గంటలు దాని ఒంటికీ బుర్రకీ పని చెప్పకపోతే మీ సోఫా, తర్వాత తలుపు, తర్వాత తన తోక కొరుక్కుంటుంది. మొదటిసారి పెంచేవాళ్లకి పనిచేసే వంశం అల్సేషన్ చాలు. షోలలో నిలబెట్టే వంశం వేరు, పనిచేసే వంశం వేరు, పిల్లని కొనేముందు తల్లిదండ్రులు పని చేస్తుంటే చూపించమనండి. తుంటి ఎక్స్‌రేలు కూడా అడగండి, ఈ జాతికి తుంటి కీళ్ల జబ్బు ఎక్కువ. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని రూలుంది, చేతిలో పట్టే బుజ్జి పిల్లని చూపించి ఆశపెడితే లొంగకండి.

డాబర్‌మ్యాన్ గురించి ఒక ముచ్చట. ఆ పేరు జర్మనీలో అపోల్డా అనే ఊళ్లో పన్నులు వసూలు చేసిన లూయీ డోబర్‌మన్ అనే ఆయనది. డబ్బు సంచితో తిరగాలి కాబట్టి తోడుగా కుక్కని తయారుచేసుకున్నాడంటారు. మన దగ్గర డైలీ ఫైనాన్స్ వసూళ్లకి తిరిగేవాళ్లకి ఈ ఆలోచన ఇంకా రాలేదు, రాకపోవడమే మంచిది.

రాట్‌వైలర్ గురించి కూడా అడుగుతారు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతులకి లైసెన్సులు ఇవ్వొద్దని రాష్ట్రాలకి సర్క్యులర్ పంపింది, అందులో రాట్‌వైలర్ ఉంది, జర్మన్ షెపర్డ్ లేదు. ఏప్రిల్లో కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులర్ కొట్టేసింది. కొనేముందు మీ మున్సిపాలిటీలో అడగండి.

కుక్కతో ఏ భాషలో మాట్లాడాలి? మీరేదో జర్మన్లో అంటున్నారు.

ఏ భాషైనా పరవాలేదు, పోటీల్లో కూడా అభ్యంతరం లేదు, ఒక పనికి ఎప్పుడూ ఒకటే మాట ఉండాలి, అంతే. నేను మొదట్లో స్టైల్ కొద్దీ జర్మన్ మాటలు పెట్టుకున్నాను. పడుకోమనడానికి 'ప్లాట్స్', వదలమనడానికి 'ఆవుస్'. తోటలో కాయలు దింపడానికి గంజాం నుంచి ఒక కుటుంబం వస్తుంది. ఒకరోజు కుక్క స్లీవ్ పట్టుకుని వేలాడుతోంది, నేనింకా నోరు తెరవలేదు, ఠక్కున వదిలేసి నావైపు చూసింది. మళ్లీ పట్టించాను, మళ్లీ వదిలేసింది. ఏంటా అని చూస్తే, చెట్ల అవతల ఆ ఇల్లాలు పిల్లాణ్ణి అన్నానికి పిలుస్తోంది, 'ఆసొ, ఆసొ' అని. ఒడియాలో ఆసొ అంటే రా అని. కుక్క చెవికి ఆవుస్‌కీ ఆసొకీ పెద్ద తేడా లేదు.

అప్పట్నుంచి 'వదులు' అంటున్నాను. మార్చడానికి రెండు నెలలు పట్టింది. మన సరిహద్దు ఊళ్లలో ఇంట్లో తెలుగు, పనివాళ్లతో ఒడియా, టీవీలో హిందీ నడుస్తాయి. బరంపురంలో అయితే ఒకే వాక్యంలో మూడూ ఉంటాయి. కాబట్టి మాటలు ఎంచుకునేముందు ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి అవి రోజువారీ మాటల్లో తగులుతున్నాయేమో చూసుకోండి. ఇంట్లో అందరూ అవే మాటలు వాడాలి. అమ్మ 'వదిలెయ్ నాన్నా' అని, నాన్న 'లీవ్ ఇట్' అని, తాత చేతికర్ర చూపిస్తే ఆ కుక్క చేసిన తప్పేం లేదు.

మూడు నెలలు ట్రైనర్ దగ్గర వదిలేస్తే అన్నీ నేర్పి పంపుతారటగా?

నేనూ అదే నమ్మాను. నా మొదటి అల్సేషన్‌ని ఒక నగరంలో ఒకరి దగ్గర వదిలాను. వారం వారం వాట్సాప్‌లో వీడియోలు వచ్చేవి, కుక్క సింహంలా దూకేది, నేను అందరికీ ఫార్వర్డ్ చేసేవాణ్ణి. తీసుకురావడానికి వెళ్తే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ఇంటికొచ్చాక వాకిలి ఊడుద్దామని చీపురు తీస్తే అక్కడికక్కడే పాస్ పోసుకుంది. నాలుగోరోజు మా మావయ్య గొడుగు ముడుచుకుంటూ గేటు లోపలికొచ్చాడు. కుక్క గొడుగు పట్టేసింది. నేను 'ఆవుస్' అని ఎంత అరిచినా వదల్లేదు, ఎందుకంటే ఆ మాట దానికి ఆ ట్రైనర్ గొంతులో, ఆ కర్ర కింద మాత్రమే తెలుసు. గొడుగు పోయింది, చెయ్యి మిగిలింది. అది బతికినన్నాళ్లూ మళ్లీ దాని చేత ఈ పని చేయించలేదు.

కాబట్టి ట్రైనర్‌ని ఒకటే అడగండి, నా కుక్కకి నేర్పేటప్పుడు నేను పక్కన ఉండొచ్చా అని. వద్దంటే బండి తిప్పేయండి. ఆయన సొంత కుక్క స్లీవ్ వదలడం ఒకసారి చూడండి, ఒక్క మాటకి వదిలిందా, మెడపట్టీ పట్టుకుని గుంజితే వదిలిందా అన్నదే మీకు కావలసిన సర్టిఫికెట్.

కారం పెడితే, చీకటి గదిలో కట్టేస్తే కోపం పెరుగుతుందంటారు?

పెరిగేది కడుపుమంట. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా.

ఎన్నో నెలలో మొదలుపెట్టాలి?

ఆట వచ్చిన రోజు నుంచి. గోనెపట్టా ముక్క తాడుకి కట్టి ఎలుకలా నేల మీద లాగితే కూన వెంటపడుతుంది, దానికదే పునాది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు మారతాయి, అప్పుడు గుంజకండి, నొప్పి గుర్తుపెట్టుకుంటుంది. మొదటి మూడు నాలుగు నెలల్లో ముఖ్యమైన పని లోకం చూపించడం. నేను కూనల్ని ఒళ్లో పెట్టుకుని సంతకి, రైల్వే గేటు దగ్గరికి, పెళ్లి బాజాల దగ్గరికి తీసుకెళ్తాను. టీకాలు పూర్తయ్యేదాకా నేల మీద దించను, పార్వో జబ్బు కూనల్ని రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది. పోటీల్లో కూడా మొదట నడవడిక పరీక్ష పాసవ్వాలి, దానికి కుక్కకి 15 నెలలు నిండాలి, ఐజీపీ మొదటి లెవెల్‌కి 18 నెలలు. అంతా ఇంత నెమ్మది.

మన ఎండలకి తట్టుకుంటాయా?

మార్చి దాటాక మేం పొద్దున్న ఐదున్నరకి మొదలుపెట్టి ఏడులోపు ముగించేస్తాం. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి వేడి బయటికి పంపాలి, మన తీరంలో గాలే తడిగా ఉంటుంది కాబట్టి రొప్పినా లాభం తక్కువ. నాలుక గరిటెలా వెడల్పై పక్కకి వేలాడితే, చిగుళ్లు ఎర్రబారితే, నడక తూలితే ఆపేయండి, ఇంకొక్కసారి అనొద్దు. నీడకి తెచ్చి మామూలు నీళ్లు ఒళ్లంతా పోసి, ఫ్యాను పెట్టి, పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. మామూలుగా కుక్క ఒళ్లు 38 నుంచి 39 డిగ్రీలుంటుంది, 41 దాటితే ప్రాణం మీదకొస్తుంది. వానాకాలంలో పిడుదులు ఇంకో తలనొప్పి, చెవుల లోపల, వేళ్ల సందుల్లో రోజూ చెయ్యి పెట్టి చూడాలి.

తోటలోకి ఎలుగుబంట్లు వస్తున్నాయి. కుక్క తరుముతుందా?

ఉద్దానంలో పనసపండ్ల కాలంలో ఈ ప్రశ్న అడగనివాడు లేడు. వద్దండీ. స్లీవ్ పట్టడం నేర్చిన కుక్కకి ఎలుగు గోళ్ల గురించి ఏం తెలుసు? ఇంకా పెద్ద చిక్కు, కుక్క దాన్ని కెలికి, అది తిరగబడితే, పరిగెత్తుకుంటూ వచ్చేది మీ దగ్గరికే. వెనకాల ఎలుగు. కుక్కని ఇంట్లో పెట్టి అటవీశాఖకి ఫోన్ చేయండి.

గ్రేహౌండ్స్‌లో కుక్కలకి ఇదే ట్రైనింగా?

ఈ ప్రశ్న చాలాసార్లు వచ్చింది, నవ్వను. గ్రేహౌండ్స్ 1989లో ఉమ్మడి రాష్ట్రంలో నక్సలైట్లని ఎదుర్కోవడానికి పెట్టిన పోలీసు దళం, మనుషుల దళం. తెలంగాణ పోలీసు కుక్కలకి హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో, సరిహద్దు భద్రతా దళం కుక్కలకి గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో, సైన్యం కుక్కలకి మీరట్‌లో శిక్షణ ఇస్తారు. వాటిలో చాలావాటి పని బాంబులు, మందుపాతరల వాసన పట్టడం, కరవడం కాదు.

పొరపాటున ఎవరినైనా కరిస్తే?

ముందు ఆ మనిషి సంగతి చూడండి. గాయాన్ని ధారగా పడే నీళ్లు, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసరు, కారం, సున్నం ఏమీ వద్దు. కుక్కకి టీకా వేయించామని ఊరుకోకుండా అదేరోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్ల కాలం ఎప్పుడో పోయింది, ఇప్పుడు చేతికి నాలుగైదుసార్లు వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం దగ్గర ఇంకో మందు కూడా వేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, కాబట్టి బేరాలాడొద్దు.

చట్టం అంటారా, పెంపుడు జంతువు విషయంలో అజాగ్రత్తగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. 'దొంగనే కరిచిందండీ' అన్నది కూడా మీరు నిరూపించుకోవాలి. కొరియర్ కుర్రాడు దొంగ కాడు, కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చినాయనా కాడు. గేటుకి బోర్డు పెట్టండి, మా సరిహద్దులో అయితే తెలుగులో, ఒడియాలో రెండిట్లోనూ.

ఒకసారి వచ్చి చూడొచ్చా?

రండి. కంచె బయటే నిలబడండి, మీ కుక్కని తేవద్దు, ఈల వేయొద్దు, గొడుగు బండిలోనే ఉంచండి. హెల్పర్ కుర్రాడికి పరీక్షలున్న రోజుల్లో స్లీవ్ పని ఉండదు, వాసన పట్టడమే ఉంటుంది, అది చూసే ఓపిక ఉంటే ఇంకా మంచిది. ఏడు దాటాక వస్తే నేను తోటలోనే ఉంటాను గానీ, కుక్క నీళ్లతొట్టి పక్కన తడి ఇసకలో బోర్లా పడి నిద్రపోతుంటుంది.